దిల్‌సుఖ్‌నగర్ - ఎల్.బి.నగర్ దుకాణ నామఫలకాలు: చట్టం, వెలుగు, తెలుగు లిపి

ప్రవేశిక

నగరవాసి రోజూ చదివే తెలుగులో గణనీయమైన భాగం దుకాణాల నామఫలకాల మీద ఉంటుంది. శాసనాన్ని, తాళపత్రాన్ని, పత్రికను ఆధారాలుగా స్వీకరించిన తెలుగు పరిశోధన దుకాణం బోర్డును మాత్రం అరుదుగానే పాఠంగా పరిగణించింది. బోర్డుకు ముద్రణ సంవత్సరం ఉండదు. దుకాణం చేతులు మారగానే అది పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. అయినా ఒక ప్రాంతంలో ఏ భాషను ఎవరి కోసం ఎంత పెద్ద అక్షరాల్లో రాశారో చెప్పడానికి అంతకన్నా సూటి ఆధారం దొరకడం కష్టం.

హైదరాబాద్ తూర్పు భాగంలో మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలి వరకు సాగే విజయవాడ రహదారి ఈ వ్యాసానికి క్షేత్రం. ఆ దారి పొడవునా ఉన్న వ్యాపార సముదాయాల నామఫలకాలను, వాటి విద్యుత్ వెలుగును ప్రభుత్వ యంత్రాంగం ఏ దృష్టితో పరిశీలిస్తూ వచ్చిందన్నది ఇక్కడి ప్రశ్న. ఫలకాన్ని పరిశీలించే అధికారం రెండు శాఖల చేతిలో ఉంది. నగరపాలక సంస్థ దాని ఎత్తును, కొలతను, వెలుగును చూస్తుంది. దాని మీద ఏ భాష ఉందో పట్టించుకోదు. కార్మిక శాఖ దాని భాషను చూస్తుంది. అది రాత్రిపూట వెలుగుతుందో లేదో చూడదు. ఈ రెండు పరిశీలనలకూ నడుమ మిగిలిన ఖాళీలో సూర్యాస్తమయం తర్వాత తెలుగు అక్షరం కనుమరుగవుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రహదారి, దాని పరిధులు

ఈ ప్రాంతానికి బహిరంగ రాత కొత్త కాదు. చైతన్యపురి పరిధిలో మూసీ తీరాన కొసగుండ్ల నరసింహస్వామి ఆలయం ఉన్న గుట్టపై ఒక ప్రాకృత శాసనం ఉంది. బ్రాహ్మీ లిపిలో చెక్కిన ఈ శాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటుంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి దీన్ని పరిష్కరించి ప్రకటించారు. విష్ణుకుండిన గోవిందవర్మతో ముడిపెట్టి దీన్ని క్రీ.శ. 4-5 శతాబ్దాల నాటిదిగా చరిత్రకారులు భావిస్తారు. హైదరాబాద్ నగర పరిధిలో దొరికిన అతి ప్రాచీన శాసనాల్లో ఇది ఒకటి. స్థలం పేరును, దానం వివరాన్ని అందరికీ కనబడేలా నిలపడమనే ప్రయోజనంలో ఆ రాతికీ నేటి దుకాణ ఫలకానికీ దూరపు చుట్టరికం ఉంది. అయితే శాసనాన్ని పగటి వెలుగులో చదవడానికే చెక్కారు. రాత్రిపూట చదివించాలనే కోరిక విద్యుత్తుతో వచ్చినది.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు దిల్‌సుఖ్‌రామ్ అనే జాగీర్దారు వల్ల వచ్చిందని, ఆయన భూముల్లోనే ఈ నివాస ప్రాంతం వెలసిందని ప్రతీతి. ఎల్.బి.నగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేరిట ఏర్పడింది. ఈ రెండో పేరు బోర్డుల చరిత్రకు ఒక చిన్న నమూనా. ఒక హిందీ పేరును ఇంగ్లీషు పొడి అక్షరాలుగా కుదించి, ఆ ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను తెలుగు లిపిలో రాస్తే 'ఎల్.బి.' అయింది. లాల్ బహదూర్ నగర్ అని పూర్తిగా పలికేవారు ఇప్పుడు అరుదు. తెలుగు లిపిలో ఉన్నదంతా తెలుగేనా అన్న చిక్కు ఊరి పేరులోనే మొదలైందన్నమాట.

ఈ దారి చాలాకాలం 9వ నంబరు జాతీయ రహదారి. నంబర్లు మారాక 65 అయింది. నల్లగొండ, సూర్యాపేట, విజయవాడల వైపు నుంచి వచ్చే బస్సు ప్రయాణికుడికి నగరం మొదలయ్యేది ఎల్.బి.నగర్ దగ్గరే. ఉప్పల్ వైపు నుంచీ సాగర్ రింగ్ రోడ్డు వైపు నుంచీ వచ్చే దారులు కలవడంతో ఆ కూడలి పెద్దదైంది. దిల్‌సుఖ్‌నగర్ కథ కొంత వేరు. అక్కడ సినిమా హాళ్లు, బస్ డిపో, బట్టల దుకాణాలు, ఆ తర్వాత పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటి వెంట వసతి గృహాలు వచ్చాయి. నేల అంతస్తులో చీరల దుకాణం, మొదటి అంతస్తులో కంప్యూటర్ శిక్షణ, రెండో అంతస్తులో గ్రూప్స్ కోచింగ్, ఆపైన హాస్టల్ ఉండే భవనం ఈ ప్రాంతపు ప్రత్యేక రూపం. ఇలాంటి భవనంలో ముఖభాగం ఒక్కటే, పేర్లు మాత్రం పది. ఫలకాల ఒత్తిడికి అసలు కారణం ఇక్కడుంది.

పాలనాపరంగా ఈ ఒక్క దారి 2007 వరకు ఒక్కటి కాదు. మూసారాంబాగ్ వైపు భాగం పాత హైదరాబాద్ నగరపాలక సంస్థలో ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకుని గడ్డిఅన్నారం పురపాలక సంఘం, ఆపైన ఎల్.బి.నగర్ పురపాలక సంఘం ఉండేవి. ఈ రెండూ రంగారెడ్డి జిల్లాలోవి. నగరపాలక సంస్థకు 1955 నాటి చట్టం వర్తిస్తే, పురపాలక సంఘాలకు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం వర్తించేది. కొద్ది దూరం నడిస్తే ప్రకటన పన్ను వసూలు చేసే కార్యాలయం మారిపోయేది. 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు విలీనమై గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడ్డాక ఫలకాల విషయంలో ఈ దారికి ఒకే చట్టం వచ్చింది.

ఆకాశ ఫలకం

ఆ చట్టంలో ప్రకటనలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు 420, 421. మొదటిది 'స్కై సైన్' గురించి, రెండోది ప్రకటనల నియంత్రణ గురించి. 'స్కై సైన్' అనే మాటకు నేటి పాఠకుడికి అర్థం తట్టదు. దీని పుట్టుక లండన్‌లో ఉంది. 19వ శతాబ్దం చివర అక్కడి భవనాల పైకప్పుల మీద ఇనుప చట్రాలకు పెద్ద పెద్ద అక్షరాలు బిగించి, ఆకాశమే వెనక తెరగా కనబడేలా ప్రకటనలు నిలిపేవారు. అవి గాలికి కూలతాయన్న భయం, చూపుకు అడ్డమన్న విసుగు కలిసి 1891లో లండన్ స్కై సైన్స్ చట్టానికి దారితీశాయి. వీధిలో నిలబడి చూసినప్పుడు ఆకాశం నేపథ్యంగా కనబడే పదం, అక్షరం, బొమ్మ ఏదైనా ఈ నిర్వచనంలోకి వస్తుంది. ప్రకటన కోసం భవనం మీద ఎగరేసే బెలూన్, పారాచూట్ కూడా వస్తాయి. ఈ నిర్వచనం బొంబాయి నగరపాలక చట్టంలోని 328వ సెక్షన్‌లో చేరింది. హైదరాబాద్ చట్టం ఆ వరుసలోనిదే.

బొంబాయి చట్టంలోని 328-ఏ సెక్షన్ ఈ చర్చకు మరింత అవసరం. దుకాణం లోపల జరిగే వ్యాపారానికి సంబంధించిన బోర్డును ఆ దుకాణం మీదే పెట్టుకుంటే అనుమతి అక్కర లేదని అది మినహాయింపు ఇస్తుంది. కానీ ఆ మినహాయింపు వెలిగే ప్రకటనకు వర్తించదు. అంటే, రేకు మీద రంగుతో రాసిన పేరు యజమాని ఇష్టం. అదే పేరు వెనక దీపం పెడితే కమిషనర్ అనుమతి కావాలి. వెలుగు తోడయ్యేసరికి అక్షరం సొంత ఆస్తి నుంచి వీధి వ్యవహారంగా మారుతుందన్న ఈ అవగాహన చాలా సూక్ష్మమైనది. పగటి బోర్డును, రాత్రి బోర్డును చట్టం వేర్వేరు వస్తువులుగా గుర్తించిన చోటు ఇది. విచిత్రమేమంటే అదే చట్టం సినిమా దృశ్యాలున్న పోస్టర్ల విషయంలో మాత్రం లోపలి విషయాన్ని చదువుతుంది. అవి సభ్యతకు విరుద్ధంగా లేవని తేలితేనే అనుమతి. అశ్లీలత ఉందేమోనన్న అనుమానం వచ్చిన చోట తప్ప పురపాలక చట్టం బోర్డును చదవలేదు, కొలిచింది.

రహదారుల యంత్రాంగం కొలిచిన తీరు ఇంకొకటి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లో రోడ్డు పక్క ప్రకటనలపై ఒక విధానపత్రం వెలువరించింది. డ్రైవరు కళ్లకు మిరుమిట్లు గొలిపే వెలుగు, ట్రాఫిక్ సిగ్నల్‌ను పోలిన రంగు దీపాలు, కూడలికి దగ్గరగా ఉన్న ప్రకటనలు అందులో అభ్యంతరకరమైనవి. జాతీయ రహదారి మీద ఉన్న ఎల్.బి.నగర్ లాంటి కూడలికి ఈ ఆలోచన సరిగ్గా అతుకుతుంది. 1997లో ఎం.సి. మెహతా కేసులో ఢిల్లీ రోడ్లపై వాహనదారుల దృష్టి మళ్లించే హోర్డింగులను తొలగించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2008లో నోవా యాడ్స్ కేసులో చెన్నై హోర్డింగుల నియంత్రణ నిబంధనలను సమర్థించింది. న్యాయస్థానం ముందు నిలిచిన ప్రశ్న అప్పుడూ భద్రతే.

పన్ను విషయానికి వస్తే, ప్రకటనలపై పన్ను విధించే అధికారం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 55వ అంశంగా ఉండేది. వస్తు సేవల పన్ను కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ దాన్ని తొలగించింది. ఆ తర్వాత నగరపాలక సంస్థ వసూలు చేసేది పన్ను కాదు, రుసుము. పన్నుకు బదులుగా ఏదీ ఇవ్వనక్కర లేదు. రుసుము తీసుకున్నప్పుడు ప్రతిగా ఒక సేవనో క్రమబద్ధీకరణనో చూపించాలి. కాబట్టి ఫలకాన్ని పరిశీలించే బాధ్యత ఇప్పుడు ముందుకన్నా బరువైనది. ఆ పరిశీలనలో భాష లేకపోవడం అందువల్ల మరింత కొట్టొచ్చినట్లు కనబడుతుంది.

రంగు అక్షరం, వెలుగు అక్షరం

దిల్‌సుఖ్‌నగర్ తొలి దుకాణాల బోర్డులు రేకు మీద ఎనామెల్ రంగుతో రాసినవి. సుద్ద పూసిన దారాన్ని లాగి కొట్టి గీతలు వేసుకోవడం, ఆ గీతల మధ్య అక్షరాల ఒంపును ముందు సుద్దతో గీసి చూసుకోవడం, అంచులకు నీడ దిద్దడం పెయింటర్ల పని. కింద కుడి మూలలో చిన్నగా 'ఆర్ట్స్' అని ముగిసే సంతకం ఉండేది. పత్రికల్లో, సినిమా టైటిళ్లలో ప్రచారమైన బాపు అక్షరశైలిని ఈ పెయింటర్లు వీధిలోకి తెచ్చారు. అచ్చులో చూసిన ఒంపును నిచ్చెన మీద నిలబడి రెండు అడుగుల ఎత్తున గీయడానికి వేరే నేర్పు కావాలి. దాని చరిత్ర ఇంకా రాయవలసే ఉంది.

ఆ బోర్డుల భాషలో ఒక విశేషం ఉంది. 'ఇచ్చట అన్ని రకముల చీరలు లభించును', 'రిపేర్లు చేయబడును', 'మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు' వంటి వాక్యాలు అందరూ ఎరిగినవే. వ్యావహారిక భాషోద్యమం గెలిచి, పత్రికలు, పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి మారిన తర్వాత కూడా దశాబ్దాల పాటు 'లభించును', 'చేయబడును', 'ఇచ్చట' బోర్డుల మీద నిలిచాయి. గ్రాంథిక క్రియారూపం దుకాణదారుడికి ఒక హామీలా, కొంత పెద్దరికంలా కనబడి ఉండాలి. గిడుగు రామమూర్తి వాదనలు చేరని చోటు ఇదేనని సరదాకు అనవచ్చు. ఈ వాక్యాలు పూర్తి వాక్యాలు, క్రియతో ముగిసేవి. నేటి వెలుగు బోర్డు మీద క్రియ ఉండదు. 'కర్రీ పాయింట్', 'టిఫిన్ సెంటర్', 'స్వగృహ ఫుడ్స్', 'షాపింగ్ మాల్' వంటి నామపదాల జంటలే ఉంటాయి.

'షాపింగ్ మాల్' అనే మాట మీద కొంత ఆగాలి. ఇంగ్లీషులో అది అనేక దుకాణాలున్న సముదాయం. తెలుగు వ్యాపార వాడుకలో అది పలు అంతస్తుల బట్టల దుకాణం. సౌత్ ఇండియా షాపింగ్ మాల్, సీఎంఆర్ షాపింగ్ మాల్, చెన్నై షాపింగ్ మాల్ అన్న పేర్లు ఈ అర్థంలోనే స్థిరపడ్డాయి. పెళ్లి బట్టలకు 'మాల్‌కు వెళ్దాం' అంటే కొనుగోలుదారులకు ఈ అర్థమే తోస్తుంది. పాత 'వస్త్రాలయం', 'క్లాత్ స్టోర్స్' చేసిన పనిని ఇది చేస్తున్నది. అర్థం మారి, తెలుగు ప్రత్యయాలు చేరి, తెలుగువారి మధ్యే చలామణి అవుతున్న ఈ మాటను అన్యదేశ్యమని తోసిపుచ్చడం సులభం కాదు.

2000 తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. బోర్డు రాయడం పోయి, డీటీపీ కేంద్రంలో అను ఖతులతో కూర్చి ముద్రించడం మొదలైంది. ధర తగ్గింది, వేగం పెరిగింది, అక్షరం మాత్రం అన్ని దుకాణాల మీద ఒకే ముఖంతో కనబడసాగింది. ఆ తర్వాత పెద్ద దుకాణాలు ఫ్లెక్సీని కూడా వదిలి, ఏసీపీ షీటుతో ముఖభాగాన్ని మూసి, దాని మీద లోపల ఎల్‌ఈడీలు అమర్చిన అక్రిలిక్ అక్షరాలను ఒక్కొక్కటిగా బిగించడానికి మళ్లాయి. తెలుగు అక్షరానికి అసలు ఇబ్బంది ఈ దశలో ఎదురైంది.

ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తులో, ఒకే పట్టీలో ఒదుగుతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం వంటి గుర్తులకు, కింద ఒత్తులకు చోటు వదలాలి. 'లక్ష్మీ', 'వస్త్రాలయం' అన్న మాటలను తీసుకుంటే 'క్ష్మీ'లో ఒత్తు కింద మరో ఒత్తు, 'స్త్రా'లో తకార రేఫల ఒత్తులు రెండూ వస్తాయి. ఒకే ఎత్తున్న పట్టీలో రెండు భాషలూ రాస్తే తెలుగు అక్షరపు అసలు శరీరం ఇంగ్లీషు అక్షరం కన్నా చాలా చిన్నదవుతుంది. ఒత్తులు, తలకట్లు విడి ముక్కలైతే ఒక్కో ముక్కకూ విడిగా పెట్టె, విడిగా దీపాల వరస, విడిగా తీగ కావాలి. పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఒక ఒత్తులో దీపం ఆరిపోతే 'వస్త్రాలయం' చదవడానికి వీల్లేని మాటగా మారుతుంది. అందుచేత వెలిగే అక్షరాలను ఇంగ్లీషుకు ఉంచి, తెలుగును వెలుగు లేని స్టిక్కర్‌గానో రంగుగానో పైన ఒక పట్టీలో పెట్టే పద్ధతి ఈ రహదారిపై కనబడుతుంది. పగలు చూస్తే రెండు భాషలూ ఉన్నాయి. రాత్రి ఏడు దాటాక ఒకటే ఉంటుంది.

29వ నియమం చూడనిది

1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో నియమాలు వచ్చాయి. వాటిలో 29వది నామఫలకం గురించి. ప్రతి సంస్థ నామఫలకం తెలుగులో ఉండాలని, ఇతర భాషలు వాడితే అవి తెలుగు పాఠానికి దిగువన ఉండాలని, తెలుగుకు ఎక్కువ చోటు ఇచ్చి ప్రస్ఫుటంగా రాయాలని దాని సారాంశం. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఈ చట్టాన్ని కొనసాగించింది. 2017 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తామని ప్రకటించినప్పుడు, ప్రభుత్వ, ప్రైవేటు సంస్థల బోర్డులు తెలుగులో ఉండాలని కూడా అన్నారు. పాఠశాలల విషయంలో 2018లో చట్టం వచ్చింది. బోర్డులకు పాత నియమమే ఉంది.

ఆ నియమాన్ని జాగ్రత్తగా చదివితే అది పెయింటర్ యుగపు నియమమని తెలుస్తుంది. అందులో స్థానం ఉంది, స్థలం ఉంది. వెలుగు ప్రస్తావన లేదు. 1990లో అది లోపం కాదు. అప్పుడు బోర్డు మొత్తాన్ని ఒకే ట్యూబ్‌లైటు వెలిగించేది. అక్షరమే దీపమైన తర్వాత అదే నియమం సగం బోర్డుకే వర్తించడం మొదలైంది. 2023లో తెలంగాణ కార్మిక శాఖ ఏటా 10,000 రూపాయల రుసుముతో దుకాణాలను 24 గంటలూ తెరిచి ఉంచడానికి వీలు కల్పించింది. రాత్రి వ్యాపారాన్ని అంగీకరించిన శాఖే రాత్రి బోర్డును ఇంకా గుర్తించలేదు.

ఇతర రాష్ట్రాల నిబంధనలూ ఎక్కువగా కొలతల భాషలోనే ఉన్నాయి. తమిళనాడులో తమిళానికి, ఇంగ్లీషుకు, ఇతర భాషలకు 5:3:2 నిష్పత్తి చెబుతారు. కర్ణాటక 2024లో 60 శాతం కన్నడం ఉండాలని చట్టం సవరించింది. మహారాష్ట్ర 2022 సవరణ మరాఠీ అక్షరం మరే లిపి అక్షరం కన్నా చిన్నదిగా ఉండరాదన్నది. 2023 సెప్టెంబరులో ముంబయి వర్తకులకు దాన్ని పాటించడానికి సుప్రీంకోర్టు రెండు నెలల గడువిచ్చింది. అక్షరం ఎత్తును కొలిచే మహారాష్ట్ర పద్ధతి దేవనాగరికి సరిపోవచ్చు. తెలుగులో 'అక్షరం ఎత్తు' అంటే గుడి నుంచి ఒత్తు చివరి దాకానా, లేక నడిమి శరీరమేనా అన్న ప్రశ్నకు ముందు జవాబు కావాలి. ఇది లిపిశాస్త్రం తెలిసినవారు చెప్పవలసిన జవాబు, ఇంజనీరు చెప్పగలిగేది కాదు.

వెలుగును, భాషను కలిపి చూసిన నిబంధనకు ఉదాహరణ దూరంగా కెనడాలోని క్యుబెక్‌లో ఉంది. అక్కడ 1977 నాటి భాషా చట్టం వ్యాపార ఫలకాలపై ఫ్రెంచి మాత్రమే ఉండాలన్నది. 1988లో కెనడా సుప్రీంకోర్టు ఫోర్డ్ కేసులో ఆ నిషేధాన్ని కొట్టివేసింది. 1993 సవరణ ఇతర భాషలను అనుమతించి, ఫ్రెంచికి స్పష్టమైన ప్రాబల్యం ఉండాలని సర్దుకుంది. 2016లో ఇంగ్లీషు వాణిజ్య నామాలున్న దుకాణాల కోసం తెచ్చిన నిబంధన ఇంకో అడుగు వేసింది. వాణిజ్య నామం చదవడానికి వీలైన ప్రతి వేళా, దాని పక్కనున్న ఫ్రెంచి పాఠం కూడా చదవడానికి వీలుగా అమర్చి, వెలిగించాలని కోరింది. పాత ఫలకాలను మార్చుకోవడానికి మూడేళ్ల గడువిచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ బోర్డుకు కావలసిన వాక్యం సరిగ్గా ఇదే.

15 అడుగులు, మెట్రో కిటికీ

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రద్దీ వేళ జరిగిన జంట పేలుళ్లలో 18 మంది మరణించారు. ఆ ఏడాదే వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం జనం గుమిగూడే వ్యాపార సంస్థలు నిఘా కెమెరాలు పెట్టడాన్ని తప్పనిసరి చేసింది. దుకాణం ముఖభాగానికి అప్పటి నుంచి కొత్త పని వచ్చింది. వెలుగు కొనుగోలుదారుడిని పిలవడంతోపాటు కెమెరాకు ముఖాలు చూపించాలి. ఈ ప్రాంతంలో వెలుగు తగ్గించాలన్న ఏ ప్రతిపాదనకైనా ఈ జ్ఞాపకం అడ్డుగా నిలుస్తుంది. అది సహజం కూడా. కాబట్టి ఇక్కడ చర్చించవలసింది వెలుగు పరిమాణం కన్నా దాని పంపకం.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైంది. రహదారి నడిమి గీత మీద స్తంభాలు, వాటిపై వంతెన వచ్చి, ఒక వైపు దుకాణాల ఫలకాలు ఎదుటి వైపు నుంచి కనబడకుండా పోయాయి. ఎల్.బి.నగర్ కూడలిలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్ కట్టాక అక్కడా ఇదే జరిగింది. చూపు దారి మారినప్పుడు బోర్డు ఎత్తు మారుతుంది. మెట్రో ప్రయాణికుడు రెండో మూడో అంతస్తులను నేరుగా చూస్తాడు. శిక్షణ కేంద్రాలు ఉండేది ఆ అంతస్తుల్లోనే.

2020 ఏప్రిల్‌లో పురపాలక శాఖ జారీ చేసిన 68వ నంబరు ఉత్తర్వు నేల నుంచి 15 అడుగులకు మించిన ఎత్తున ప్రకటన ఫలకాలను నిషేధించింది. మెరిసే, కదిలే వెలుగుల మీద ప్రత్యేకంగా జరిమానా పెట్టింది. పైకప్పు హోర్డింగులు గాలివానకు కూలే నగరంలో ఈ ఉత్తర్వుకు గట్టి కారణమే ఉంది. 1891 నాటి లండన్ భయం ఇక్కడ మళ్లీ వినబడుతుంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌కు దాన్ని అన్వయిస్తే ఒక వింత తలెత్తుతుంది. రోడ్డు మీది వంతెన కింద వాహనాలకు సాధారణంగా 5.5 మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు వదలాలి. మెట్రో ప్రయాణికుడి కన్ను దానికీ పైన ఉంటుంది. ప్రకటనకు చట్టం గీసిన గీత ఎక్కడ ముగుస్తుందో ఆ ప్రయాణికుడి చూపు ఆ పైనే మొదలవుతుంది. మూడో అంతస్తులోని శిక్షణ కేంద్రం తన కిటికీ మీద రాసుకున్న పేరు ప్రకటన కిందికి వస్తుందా, సొంత నామఫలకం కిందికి వస్తుందా? పాత బొంబాయి సెక్షన్‌లో ఈ తేడా స్పష్టం: లోపలి వ్యాపారపు పేరు, వెలుగు లేనిది, అయితే మినహాయింపు. పేరు పక్కనే ర్యాంకులు సాధించిన విద్యార్థుల ఫొటోలు, ఫోన్ నంబరు, రాయితీ వివరం చేరిన ఈనాటి ఫలకంలో ఆ తేడా చెరిగిపోయింది. బోర్డును చదవకుండా కొలిచే అధికారి దీన్ని తేల్చలేడు.

బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2007లో అమలు చేసిన 'శుభ్ర నగర' చట్టాన్ని ఇలాంటి చర్చల్లో తరచుగా ఉదాహరిస్తారు. బయటి ప్రకటనలన్నిటినీ నిషేధించి, 10 మీటర్లలోపు ముఖభాగమున్న దుకాణానికి 1.5 చదరపు మీటర్ల పేరు బోర్డును మాత్రమే అనుమతించింది. ఒక భవనంలో పది పేర్లుండే దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ కొలతను యథాతథంగా తెస్తే దెబ్బతినేది మళ్లీ తెలుగే. చోటు తగ్గినకొద్దీ ఒత్తులున్న లిపి ముందుగా చదవరానిదవుతుంది. రెండు భాషల్లో ఒకదాన్ని వదులుకోవలసి వస్తే యజమాని దేన్ని వదులుతాడో ఊహించడం కష్టం కాదు.

29వ నియమంలో స్థలం గురించి ఉన్న మాటకు వెలుగును చేర్చి, ఇతర భాషల పాఠం వెలిగే వేళల్లో తెలుగు పాఠం కూడా అంతే స్పష్టంగా వెలగాలని ఒక వాక్యం కలిపితే రెండు శాఖల నడుమ ఖాళీ పూడుతుంది. దీనికి కొత్త కార్యాలయం అక్కర లేదు. దుకాణం కార్మిక శాఖలో నమోదు కావలసిందే. నగరపాలక సంస్థ దగ్గర వ్యాపార లైసెన్సును ఏటా పునరుద్ధరించుకోవలసిందే. ఆ సమయంలో ముఖభాగపు ఫొటో పగటిది ఒకటి, రాత్రిది ఒకటి జతచేయమంటే సరిపోతుంది. ఖర్చు ప్రశ్న మిగులుతుంది. కానీ వీధి మలుపులోని కిరాణా కొట్టుకు, మిర్చి బజ్జీల బండికి వెలిగే విడి అక్షరాలు లేవు. వాటి బోర్డు మీద ఒకే బల్బు తెలుగునూ ఇంగ్లీషునూ కలిపే వెలిగిస్తుంది. అదనపు పెట్టెలు, తీగలు కొనవలసింది అక్రిలిక్ అక్షరాలు బిగించిన పలు అంతస్తుల సముదాయాలే.